గాజుపెట్టెలో ఉడుముతల్లి

ఇంగ్లండులోని చెస్టర్ జంతుప్రదర్శనశాలలో ఫ్లోరా అను కొమోడో ఉడుము, పుట్టినది మొదలు మగతోడు నెరుగకయే పెరిగి, 2006వ సంవత్సరమున 25 గ్రుడ్లు పెట్టెను. ఒంటరిగా నున్న ఆడు ఉడుము గ్రుడ్లు పెట్టుట అపూర్వము కాదు; అపూర్వమైనదేమనగా, వానిలో 11 గ్రుడ్లు జీవముగలవిగా కనబడుట. పాడైన గ్రుడ్లలోని పిండములకు జన్యుపరీక్షలు చేయగా వానికి తల్లియే గాని తండ్రి లేడని రూఢియయ్యెను. లండన్ జంతుప్రదర్శనశాలలో సుంగాయి అను మరియొక ఆడు ఉడుము, మగదానిని విడిచి చాల కాలము గడచిన పిదప పెట్టిన గ్రుడ్లయందును ఇదే వింత తేటపడెను. ఈ రెండు సంగతులును ఆ యేటి డిసెంబరు మాసమున 'నేచర్' పత్రికలో ప్రకటితములు కాగా, మరుసటి జనవరిలో ఫ్లోరా పిల్లలు గ్రుడ్లను చీల్చుకొని వెలుపలికి వచ్చినవి. అమెరికాలోని చాటనూగా జంతుప్రదర్శనశాలలో 2019వ సంవత్సరమున పుట్టిన మూడు పిల్లలును అట్టి తండ్రిలేని బిడ్డలేయని మరుసటి యేట పరీక్షలు తెలిపెను. మగ ఉడుమునకు రెండు జెడ్ క్రోమోజోములును, ఆడుదానికి జెడ్ ఒకటియు డబ్ల్యూ ఒకటియు ఉండును; తల్లి క్రోమోజోమే రెట్టింపగు ఈ అనిషేకజననమున రెండు డబ్ల్యూలు గల పిండము నిలువదు గనుక, కలుగు సంతానమంతయు మగదే యగుచున్నది.

లోకమంతయు తండ్రిలేని పిల్లలను చూచి అబ్బురపడెను. అది సహజమే. కాని ఇంట ఉడుమును పెంచువారికి ఈ కథలో పనికివచ్చు భాగము వేరొకటి కలదు. పిండము కట్టుట అరుదు. గ్రుడ్డు కట్టుట మాత్రము అరుదు కాదు. తగినంత వేడిమియు సమృద్ధియైన ఆహారమును లభించిన ఆడు ఉడుము, మగదాని నీడనైనను చూడకయే, యజమాని కోరికతో గాని అనుమతితో గాని నిమిత్తము లేకయే, తన కడుపున గ్రుడ్లను పండించుకొనును. అట్లు పండిన గ్రుడ్లను దాచుకొనుటకు దానికి చోటు చూపనివాడు, ఎంత ప్రేమతో పెంచుచున్నను, ఆ ప్రాణిని మెల్లమెల్లగా మృత్యువునకు అప్పగించుచున్నాడని చెప్పుటకు నేను సంకోచింపను.

ఉడుములలో సుమారు 80 జాతులు గలవు. ఆస్ట్రేలియాలోని జానెడు పొడవు మించని పొట్టి ఉడుము మొదలు, మూడు మీటర్లు సాగు కొమోడో ఉడుము వరకు అన్నియు వరనస్ అను ఒక్క ప్రజాతికి చెందినవే. అమెరికా, ఐరోపా ఖండములలోని గృహములయందు పెంపబడు పెద్ద ఉడుములలో ముఖ్యమైనవి ఆగ్నేయాసియా నుండి వచ్చు నీటి ఉడుము, ఆఫ్రికా ఖండపు నల్లగొంతు ఉడుము, సవానా ఉడుము. నీటి ఉడుము రెండు మీటర్లు పెరుగుట సామాన్యము. సవానా ఉడుము మీటరుకు అటునిటుగా నుండును. ఇది ఘనా, టోగో, బెనిన్ దేశముల నుండి పసిప్రాయమున పెద్ద సంఖ్యలలో ఎగుమతియై, అల్పమైన వెలకు అమ్ముడుపోవుచుండును. అరచేతిలో నిముడు ఆ పిల్లను కొనితెచ్చుకొనువారిలో, అది రేపటినాడు ఒక గదినంతయు కోరునని తలపోయువారు తక్కువ.

ఈ జంతువుపై మనుష్యునకు మోహము కలుగుట నిష్కారణము కాదు. సరీసృపములలో ఇంతటి చురుకుదనము, ఇంతటి ఎరుక గలవి కొలదిగా మాత్రమే గలవు. చీలిన నాలుకను చాచి గాలిని రుచిచూచుచు, తల పైకెత్తి మనవంక నిదానించి చూచునప్పుడు, ఆ చూపులో మనలను గుర్తించు శక్తి యున్నదని తోపకమానదు. లండన్ జంతుప్రదర్శనశాలలో సరీసృపశాలాధికారిణిగా నుండిన జోన్ ప్రాక్టర్ అను విదుషి, 1927వ సంవత్సరమున అచ్చటికి వచ్చిన సుంబావా అను కొమోడో ఉడుమును ఎంతగా మచ్చిక చేసికొనెననగా, అది ఆమె వెంట నడచుచు, ఆమె చేతినుండియే ఆహారము గ్రహించుచుండెను. అంతకు పదునైదేండ్ల క్రిందట, అనగా 1912లో, పీటర్ ఔవెన్స్ అను పండితుడు తొలిసారిగా శాస్త్రలోకమునకు పరిచయము చేసిన ఆ భీకరజంతువు, ఒక రోగపీడితయైన స్త్రీ చెంత సాధువై మెలగుట నాటి లండన్ ప్రజలకు కన్నులపండువయ్యెను. ప్రాక్టర్ 1931లో 34వ యేటనే మరణించినది. ఆమె సరీసృపములకు శస్త్రచికిత్స చేయుటయందును దిట్ట. ఆమె ప్రేమ కేవలము నిమురుటతో ముగియలేదు. అందుచేతనే ఆమెను ఇచ్చట స్మరించితిని.

ఆడు ఉడుము దేహమున గ్రుడ్డు రూపొందు విధము తెలిసినగాని దాని వ్యాధి తెలియదు. వెన్నెముకకు దిగువన ఇరుప్రక్కల రెండు అండాశయము లుండును. ఋతువు వచ్చినప్పుడు అండాశయమునుండి వెలువడు హార్మోను కాలేయమును మేల్కొలుపును. కాలేయము పచ్చసొనకు కావలసిన కొవ్వును మాంసకృత్తులను సిద్ధపరచి రక్తమున విడువగా, అవి అండాశయములోని పుటికలను చేరి, ఆవగింజలంతటి వానిని ద్రాక్షపండ్లంతగా ఉబ్బజేయును. పక్వమైన పుటిక పగిలి అండము అండవాహికలోనికి జారును. అచ్చట దానికి తోలువంటి మెత్తని పెంకు అమరును. మగతోడు కలిసియున్నచో ఫలదీకరణము అండవాహికలో పెంకు కట్టుటకు ముందే జరుగును; కలియకున్నచో గ్రుడ్డు వట్టిదైనను పెంకు కట్టుట మానదు. ఈ మహాయత్నమునకు కావలసిన కొవ్వును ఉడుము తన పొట్టలోని కొవ్వుదిండ్లనుండియు తోకనుండియు తీయును, సున్నమును తన యెముకలనుండియే తీయును. ఆ దినములలో దాని పొట్ట నిండుగా కనబడుచుండగా వెన్నును తోకమొదలును చిక్కిపోవుట కద్దు.

ఈ పనిలో రెండు తావుల ఆటంకము కలుగవచ్చును. మొదటిది, పుటికలు ఉబ్బియు పగులక అండాశయముననే నిలిచిపోవుట. రెండవది, గ్రుడ్లు పెంకు కట్టియు వెలుపలికి రాక అండవాహికలో చిక్కుకొనుట. మొదటిదానియందు ముదిరిన పుటికలు క్రుళ్ళి పగిలినచో పచ్చసొన శరీరకుహరములో చిందును. చిందిన సొన ఉదరమునంతను వాచజేసి, లోని అవయవములను ఒకదానితో నొకటి అంటుకొనునట్లు చేయును. రెండవదానియందు గ్రుడ్లు ఎండి అండవాహికకు కరచుకొని, ఆ నాళమే చీలుటయు కలదు. రెండింటికిని కారణములు ఇంచుమించు ఒకటియే: చాలని వేడిమి, చాలని నీరు, చాలని సున్నము, మితిమీరిన కొవ్వు, వీనియన్నిటికంటెను ముఖ్యముగా, గ్రుడ్లు పెట్టుటకు నమ్మదగిన నేల లేకుండుట.

నేల యన్న మాటను నేను ఊరక వాడుట లేదు. ఉత్తర ఆస్ట్రేలియాలో పసుపుచుక్కల ఉడుము గ్రుడ్లు పెట్టు చోటు చాలకాలము ఎవరికిని అంతుబట్టలేదు. షాన్ డూడీ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును పట్టుబట్టి త్రవ్వి చూడగా, మరమేకువలె మెలికలు తిరుగుచు దిగిన ఒక సొరంగపు టడుగున, భూతలమునకు సుమారు మూడు మీటర్ల లోతున గ్రుడ్లు కానవచ్చెను. తల్లి దిగినంత మేరయు వెనుక మట్టితో పూడ్చుకొనుచు పోవుట వలన పైనుండి చూచువారికి జాడ దొరకదు. ఎండకాలపు వేడియు అనావృష్టియు చేరజాలని ఆ లోతున గ్రుడ్లు నెలల తరబడి ఒకే తేమలో ఒకే వేడిమిలో పెరుగును. నిలువెత్తు మనుష్యుని రెండింతల లోతునకు చేరువగా, నాలుగు కాళ్ళ గోళ్ళు తప్ప వేరు సాధనము లేని యొక ప్రాణి తన కడుపు పండిన అలసటలో త్రవ్వుకొని దిగుచున్నదనగా, దానికి ఆ పని ఎంతటి అవశ్యకృత్యమో ఊహింపవచ్చును.

ఆఫ్రికా ఖండమున నైలు ఉడుము మరియొక ఉపాయము కనుగొనినది. రేమండ్ కౌల్స్ అను శాస్త్రజ్ఞుడు నేటాల్ ప్రాంతమున పరిశీలించి 1930లో వ్రాసిన దానినిబట్టి, వానలు కురిసి చెదలపుట్ట మెత్తబడినప్పుడు తల్లి దాని పార్శ్వమును చీల్చి లోపల గ్రుడ్లు పెట్టిపోవును. చెదలు తమ గృహమునకు కలిగిన గాయమును తామే మాన్పుకొనును. వెచ్చని తేమగల ఆ మట్టికోటలో గ్రుడ్లు నెలలకొలది భద్రముగా నుండి, మరల వర్షము పుట్టను నానబెట్టిన పిదప పిల్లలు బయటపడును. మన పల్లెటూళ్ళ పొలిమేరలలో తిరుగు ఉడుము సైతము పుట్టలయందును నేలబొరియలయందును గ్రుడ్లు పెట్టునదే. కొమోడో ద్వీపమున తల్లులు అడవికోడి కట్టిన ఆకుమట్టి దిబ్బలను ఆశ్రయించుట కలదు. జాతి వేరైనను, ఖండము వేరైనను, తల్లి యడుగునది ఒక్కటే: లోతు, వెచ్చదనము, తేమ, ఏకాంతము.

దీనికి బదులుగా పెంపకమున దానికి లభించునదేమి? గాజుపలకల పెట్టె, అడుగున రెండంగుళముల రంపపుపొట్టో, కాగితమో, ఒక మూలన నీటిపళ్ళెము. కడుపుతో నున్న ఉడుము ఆ పొట్టును గీరును, అడుగున గాజు తగులును. మరియొక మూల గీరును, మరల గాజే. ఆహారము మానును. రాత్రింబవళ్ళు గోడలవెంట తిరుగును. మూతిచివర రాచుకొని పుండుపడును. యజమాని దీనిని చూచి కోపమనియో, పారిపోవు యత్నమనియో తలచును. కొన్నిదినములకు అది అలసి ఒకచోట పడియుండగా శాంతించినదని సంతోషించును. నిజమునకు ఆ శాంతియే ప్రమాదఘంటిక.

అనుభవజ్ఞులైన పెంపకందారులు గ్రుడ్లు పెట్టుచోటుగా చేయు ఏర్పాటు కష్టసాధ్యము కాదు గాని బరువైనది. ఇసుకయు బంకమట్టియు కలిపి, పిడికిట పట్టిన ముద్ద విడిపోనంత తేమతో, రెండడుగులకు తక్కువ కాకుండ మట్టి నింపవలెను. పెద్దజాతులకు మూడడుగులైనను అధికము కాదు. త్రవ్విన బొరియ కూలరాదు. మట్టిలోపలి వేడిమి 28 మొదలు 31 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ నుండవలెను. పైనున్న గాలి వెచ్చగా నుండి మట్టి చల్లగా నున్నచో తల్లి దానిని తిరస్కరించును. ఎండకాచుకొను రాతి ఉపరితలము 50 డిగ్రీలకు మించియుండుటయు, పెట్టెకు వేరొక కొసను చల్లదన ముండుటయు, ఉడుము తనకు నచ్చిన చోటు ఎంచుకొనుటకు అవసరము. ఇంతటి మట్టిని మోయగల నేల ఇంట ఉన్నదా యని పిల్లను కొనకముందే చూచుకొనవలసియున్నది. మేడమీది గదులలో అద్దెకుండువారికి ఇది సాధ్యము కాదు. సాధ్యము కానిచో ఆ కోరికను విడిచిపెట్టుటయే ఆ ప్రాణికి చేయు మేలు.

కొవ్వును గూర్చి ఒక మాట చెప్పవలెను. సవానా ఉడుము తన స్వస్థానమున కీచురాళ్ళను, మిడుతలను, తేళ్ళను, నత్తలను, రోకలిబండలను తిని, వెదకుచు త్రవ్వుచు దినమంతయు గడుపునది. దానికి వారమువారము బలిసిన ఎలుకల నందించుచు, కదలుటకు చోటీయక, చల్లని గదిలో నుంచినచో, ఆ కొవ్వంతయు పొట్టలోను కాలేయములోను పేరుకొనును. పచ్చసొనను వండవలసిన కాలేయమే కొవ్వుపట్టి క్రుంగినప్పుడు గర్భకార్యము సజావుగా సాగునా? పెంపుడు సవానా ఉడుములు పెక్కు అల్పాయుష్కములగుటకు బొద్దుతనమును ఆరోగ్యమనుకొను పొరపాటే ప్రధానహేతువులలో నొకటి.

మరియొక చిక్కు, ఆడో మగో తెలియకుండుట. బల్లిజాతులు కొన్నింటియందు తొడలక్రింది రంధ్రములను చూచి మగదానిని పోల్చవచ్చును. ఉడుములయందు ఆ సౌలభ్యము లేదు. మగదానికి తోకమొదట జంట పురుషాంగములు లోపలికి ముడుచుకొని యుండును. ఆడుదానికి అదే తావున వానిని పోలిన చిన్న నిర్మాణములుండుటచే సలాకతో కొలుచు పద్ధతి తరచు వంచించును. కొన్ని జాతుల మగవానికి ఆ అంగములలో ఎముకవలె గట్టిపడిన భాగములు ప్రౌఢవయస్సున ఎక్స్‌రేలో కనబడును. అల్ట్రాసౌండ్ పరీక్షలో అండాశయము స్పష్టముగా తెలియును. ఏండ్లతరబడి మగపేరుతో పిలువబడిన ఉడుము ఒకనాడు గ్రుడ్లు పెట్టి, లేదా గ్రుడ్లు పెట్టలేక ప్రాణము విడిచి, తన స్త్రీత్వమును తెలిపిన సందర్భములు పెంపకపు లోకమున సుపరిచితములు. కాబట్టి యౌవనము రాగానే ఒకమారు పరీక్ష చేయించుట మేలు.

మగ ఉడుమునకు వచ్చు ముఖ్యవ్యాధి, వెలికివచ్చిన అంగము తిరిగి లోపలికి పోకుండుట. అది గంటలలో ఎండి నల్లబడును. దానిని తడిగా నుంచి, చిక్కని చక్కెరనీటితో వాపు తగ్గించుచు, ఆలస్యము లేక వైద్యుని యొద్దకు చేర్చవలెను. చెడిపోయినచో తొలగింపవచ్చును, సరీసృపములలో ఆ అవయవమునకు మూత్రవిసర్జనతో సంబంధము లేదు.

ఇచ్చట మన దేశపు మాట ఒకటి చెప్పక తప్పదు. 'హత్తాజోడి' యను పేర, జోడించిన చేతులవలె నున్నదనియు, ఇంట నుంచిన సిరి చేరుననియు చెప్పి, అరుదైన మొక్కవేరని నమ్మించి అమ్ముచున్నది పెక్కుచోట్ల మగ ఉడుము నుండి కోసి యెండబెట్టిన జననాంగమేయని, వన్యప్రాణి పరిశోధకులు ప్రయోగశాలలో పరీక్షించి 2017లో వెల్లడించిరి. పూజాగదిలో కుంకుమ పూసి దాచుకొనునది ఒక మూగజీవి ఆర్తి యని తెలిసినచో ఏ గృహిణి దానిని ముట్టును? కంజీర అను వాద్యమునకు ఉడుముతోలు తొడుగుట ఒకనాటి ఆచారము. నేడు మేకతోలు దానికి బదులుగా వచ్చుట శుభము. మన ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున మొదటి షెడ్యూలులో నున్నది. దానిని పట్టుటయు చంపుటయు పెంచుటయు నేరము. 2022లో సవరించిన చట్టము ప్రకారము మూడు మొదలు ఏడేండ్ల చెరయు, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానాయు విధింపదగును. వన్యజీవుల వ్యాపారమును నియంత్రించు అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలలోని విదేశీ ఉడుమును కలిగియుండువారు సయితము 2024 నాటి నియమములననుసరించి దానిని నమోదు చేయింపవలెను. అది పిల్లలను కన్నను మరణించినను తెలియజేయవలెను. ఈ వ్యాసమున పెంపకమును గూర్చి చెప్పిన దంతయు, అది చట్టసమ్మతమైన దేశములలో నుండువారి కొరకేగాని, చేనిగట్టున కనబడిన ఉడుమును ఇంటికి తెచ్చుకొనుటకు కాదు.

ఇక చికిత్స. కడుపు ఉబ్బిన ఉడుము ఆహారము మానినంతనే భయపడనక్కరలేదు; గ్రుడ్లు పెట్టు ముందర మానుట సహజము. కాని త్రవ్వుట మాని, కన్నులు లోతుకుపోయి, కాళ్ళు ఈడ్చుచు పడియున్నచో ఇక కాలహరణము చేయరాదు. సరీసృపముల వైద్యమెరిగిన పశువైద్యుడు ఎక్స్‌రేతో పెంకుగల గ్రుడ్లను, అల్ట్రాసౌండ్‌తో నిలిచిన పుటికలను గుర్తించును. రక్తపరీక్షతో కాల్షియమును, మూత్రపిండముల స్థితిని చూచును. ముందుగా దేహమునకు వేడిమి, నీరు, కాల్షియము సమకూర్చి, మంచి మట్టిని చూపవలెను. ఆ మట్టిని చూచినంతనే తానుగా గ్రుడ్లు పెట్టినవియు కలవు. ఆక్సిటోసిన్ అను మందు తాబేళ్ళకు పనిచేసినంతగా బల్లిజాతులకు పనిచేయదు; గ్రుడ్డు అడ్డుపడియున్నప్పుడు దానిని ఇచ్చుట అపాయకరము. పుటికలు నిలిచిపోయిన చోట మందులవలన ఫలము స్వల్పము. అట్టియెడ అండాశయములను, అవసరమైనచో అండవాహికలను తీసివేయు శస్త్రచికిత్సయే శరణ్యము. పొట్ట నడుమగీత వెంట పెద్ద సిర యొకటి పోవుచుండును గనుక నేర్పరియైన వైద్యుడు ప్రక్కగా కోయును. కుట్లు ఆరు మొదలు ఎనిమిది వారముల వరకు ఉంచును, ఏలయనగా ఈ జంతువుల చర్మము అతుకుట బహుమందము.

సంతానము కోరని యజమాని రోగము రాకమునుపే ఈ చికిత్స చేయించుట మంచిదా యని నన్నడిగినచో, అవుననియే నా యభిప్రాయము. కాని పెద్ద ఉడుములకు మత్తునిచ్చి కోయుటయందు చేయితిరిగిన వైద్యుడు చేరువలో నున్నప్పుడే. వ్యాధి ముదిరి, దేహము ఎండి, సొన చిందిన పిదప చేయు చికిత్సకంటె, ఆరోగ్యముగా నున్న నాడు చేయునది నిరపాయము. అట్టి వైద్యుడు లేనిచోట మట్టియొక్కటియే ఆధారము.

గ్రుడ్లు పెట్టిన పిదప తల్లి మట్టిని పూడ్చి, మూతితో అదిమి, దినము రెండుదినములు ఆ చోటనే మెలగుట కలదు. అప్పుడు దానిని కదల్చరాదు. కడుపు వ్రేలాడి, నడుము ఎముకలు తేలిన ఆ దేహమునకు మొదట కావలసినది నీరు. అటుపిమ్మట కాల్షియము చల్లిన చిన్న ఆహారము, దినము విడిచి దినము. తూకము వ్రాసిపెట్టుకొనవలెను. పెట్టిన గ్రుడ్లను లెక్కించి, ఎక్స్‌రేలో కనబడిన సంఖ్యతో సరిచూచుకొనవలెను. ఒక్కటి తక్కువైనను, అది తల్లి కడుపుననే యున్నదని భావించి, ఆ వారముననే మరల వైద్యునికి చూపవలెను.